బల్ల తగిలేదాకా

నన్నిక్కడ అందరూ గ్లాసక్క అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండిపోయేది. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఏడ్చింది కదా, దాంతో పిలవడానికి మీకేం రోగమని అరిచేదాన్ని. అరిచినకొద్దీ ఇంకా ఎక్కువ పిలిచారు. ఎదుటివాళ్ళకి పేర్లు పెట్టే సరదా నేలమీద ఎంతుందో, నేలకి ఇంత ఎత్తున తిరిగే ఈ ఇనప చక్రంలోనూ అంతే ఉంది.

చక్రం అని ఊరికే అనలేదు. మేముండే స్టేషను అచ్చం బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో ఇరుసు, దాన్నుంచి బయటికి చువ్వల్లా ఆకులు, చుట్టూ అంచు. మొత్తం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు వల్ల అంచులో ఉన్నవాళ్ళకి నేలమీద ఉన్నట్టే బరువుంటుంది. నడుస్తాం, పడుకుంటాం, మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పెడతాయి. ఇళ్ళు, వంటశాల, ఆసుపత్రి, ఆఫీసులు అన్నీ అంచులోనే. ఇరుసులో మాత్రం బరువనేదే ఉండదు. ఓడలొచ్చి ఆగేది అక్కడ, మరమ్మతులు జరిగేది అక్కడ. మెకానిక్కులు పొద్దున ఆకులోని లిఫ్టెక్కి ఇరుసుకు పోతారు, రోజంతా గాల్లో తేలుతూ పనిచేసి, సాయంత్రం మళ్ళీ అంచుకు దిగుతారు.

చిక్కంతా అలా దిగాక చేతులతోనే. ఇరుసులో రెండు చేతులూ కావలసివస్తే మెకానిక్కు తన పానాను పక్కన గాల్లో పెడతాడు. ఊగకుండా వేలితో ఒక్కసారి తాకి, వదిలేస్తాడు. అది బుద్ధిగా అక్కడే ఉంటుంది. పని అయ్యాక మళ్ళీ అందుకుంటాడు. రోజూ ఇదే పని కదా, చేతికి అలవాటైపోతుంది. ఆ చేత్తోనే అంచుకొచ్చి కాఫీ కప్పు కూడా గాల్లో పెడతాడు. పెళ్ళాం తిడుతుంది, నలుగురూ నవ్వుతారు.

అందుకే లిఫ్టు దిగిన చోట దిగుడు గది అని ఒకటి ఉండేది. దాన్ని చూసుకునేదాన్ని నేను. ఇరుసు నుంచి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ఇంటికి పోయేముందు నా గదిలో గంటసేపు కూర్చుని తీరాలి. పొడవాటి బల్ల, దానిమీద స్టీలు గ్లాసులు, చెంబులు. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పొయ్యాలి. ఈ చక్రంలో నీళ్ళు కూడా తిన్నగా పడవు, తిరుగుడు వల్ల కాస్త పక్కకు వాలతాయి. కొత్తవాళ్ళు గ్లాసు పక్కన పోసుకుని బిక్కమొహం వేసేవాళ్ళు. పోసిన గ్లాసు ఎత్తాలి, తాగాలి, మళ్ళీ బల్లమీద పెట్టాలి. గంటంతా అదే. నేను వెనక తిరుగుతూ ఒకే మాట చెప్పేదాన్ని.

"బల్ల తగిలేదాకా వేళ్ళు తెరవకు."

కంటితో చూసి కాదు. గ్లాసు అడుగు బల్లకు తగలాలి, బరువు చేతిలోంచి బల్లమీదికి దిగిపోవాలి, ఆ సంగతి చేతికే తెలియాలి. అప్పుడే వేళ్ళు విప్పాలి. కళ్ళు మూయించి మరీ చేయించేదాన్ని. వేళ్ళు ముందే తెరిచాడో, నీళ్ళు వాడి ఒళ్ళో, నా తిట్లు వాడి చెవిలో. ఎదిగిన మగాళ్ళు తడిసిన ప్యాంట్లతో ఇంటికి పోయేవాళ్ళు. ఇక నన్నెవరు ప్రేమిస్తారు?

నా తమ్ముడు కూడా ఇరుసులో మెకానిక్కే. బంగారంలాంటి పనివాడు, కానీ నిలకడ తక్కువ. అంచులో బట్టలు కుట్టే అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. మరదలు కింద నేలమీదనుంచి వచ్చి ఎక్కువకాలం కాలేదు, అప్పటికింకా గ్లాసులో నీళ్ళు పోయడం కూడా సరిగ్గా రాలేదు. వాళ్ళకు పాప పుట్టింది. ఉత్త బుగ్గలే మనిషి. నన్ను చూస్తే చాలు ఏడుపు లంకించుకునేది, వాళ్ళ నాన్న గొంతు వినపడితే ఠక్కున ఆపేసేది. నాకు కుళ్ళుగానే ఉండేది, ఎందుకు దాచుకోవాలి?

పాప పుట్టినప్పటి నుంచి వాడు నా గదిలో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చునేవాడు.

"అక్కా, పాప నిద్రపోతుందే. ఇవాళ్టికి వదిలెయ్."

"గ్లాసు ఎత్తు."

"రోజూ నిద్రపోతున్న మొహమే చూస్తున్నాను. నేను వాళ్ళ నాన్ననని దానికి తెలిసేదెప్పుడు?"

"ముందు గ్లాసు దించడం తెలుసుకో. ఎత్తు."

గొణుక్కుంటూ ఎత్తేవాడు. సొంత తమ్ముడని ఒక్క నిమిషం కూడా వదల్లేదు నేను.

అప్పుడొచ్చాడు కొత్త మేనేజరు. వెన్నపూస సారని పేరు పెట్టాం. మాట అంత మెత్తగా జారుతుంది. గొంతు పెంచడు, ఎవరిమీదా విసుక్కోడు, "అమ్మా" అనకుండా వాక్యం మొదలుపెట్టడు. ఒకరోజు ఇరుసు వాళ్ళందరినీ నా గదిలోనే పోగుచేసి, ఇకమీదట ఈ గది ఉండదన్నాడు.

"అంచులో బరువుంది కదండీ. బరువున్న చోటికొస్తే చేతులకు అదే గుర్తొస్తుంది. ఈ గంటేదో ఇంటికెళ్ళి పిల్లలతో గడపండి. అలసిపోయి వచ్చిన మనిషి చేత నీళ్ళు పోయించడం నాకు మనసొప్పడం లేదు."

గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఎవరనుకున్నారు? నా తోడబుట్టినవాడే. బల్లమీది గ్లాసు తీసి డప్పులా వాయించాడు కూడా.

నేనూరుకోలేదు. "సారూ, కాళ్ళకు గుర్తొస్తుంది, నడుముకు గుర్తొస్తుంది. చేతులకు రాదు. కప్పులు పగిలితే పర్వాలేదు, మరి వేడి వేడి గిన్నె పట్టుకుని వదిలేస్తే? చంటిపిల్లలున్న ఇళ్ళున్నాయి" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ బాధ నాకర్థమైందమ్మా. మీకు వంటశాలలో పని చూశాను. ఏమీ దిగులు పెట్టుకోకండి."

చూశారా ఎంత సున్నితంగా పొడిచాడో! నేనేదో నా ఉద్యోగం కోసం ఏడుస్తున్నానని పదిమందిలో తేల్చేశాడు. వెనకనుంచి ఎవడో "గ్లాసక్క ఇక గిన్నెలక్క" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బయటికొచ్చాక తమ్ముడు నా భుజంమీద చెయ్యి వేశాడు. "అందరూ సంతోషంగా ఉంటే నీకెందుకే అంత కడుపుమంట?" అన్నాడు. ఆ చెయ్యి విదిలించి వెళ్ళిపోయాను. వారం తిరక్కుండా నా గదిలో రంగుడబ్బాలు పేర్చారు.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. అది ఒప్పుకుని తీరాలి. కప్పులు పగిలాయి, ఎవరి కాలిమీదో పెట్టె పడింది, అంతే. తమ్ముడు లిఫ్టు దిగి నేరుగా ఇంటికి పరిగెత్తేవాడు. పాప వాణ్ణి చూసి కాళ్ళూ చేతులూ ఆడించేది. వాడి మొహం వెలిగిపోతుంటే, నేనే అనవసరంగా నోరు పారేసుకున్నానేమో అని నాక్కూడా అనిపించింది.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మరదలు పాపకు స్నానం చేయించి తువ్వాలులో చుట్టి పట్టుకుంది. నేను మూల కుళాయి దగ్గర పాలసీసా కడుగుతున్నాను. తమ్ముడు వచ్చాడు, చొక్కామీద ఇంకా గ్రీజు మరకలతో.

"ఇటివ్వు, ఇటివ్వు!"

"చేతులు కడుక్కోండి ముందు."

"తుడుచుకున్నాలే. రా బంగారూ!"

ఎత్తుకున్నాడు. ముక్కుతో పొట్టమీద రాశాడు, అది కిలకిలా నవ్వింది. తువ్వాలు జారిపోతోంది. తడి పిల్లకు చలి తగులుతుందని అనుకున్నాడు కాబోలు, తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టాలి, దానికి రెండు చేతులూ కావాలి. అప్పుడు నా తమ్ముడు తన కూతుర్ని పక్కన గాల్లో పెట్టాడు. నిర్లక్ష్యంగా విసిరెయ్యలేదు, నేను చూశాను. ఎంతో నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా పెట్టాడు. ఊగకుండా వేలితో ఒకసారి తాకాడు. వదిలేశాడు.

మరదలు ఎగిరి దూకింది. నేలమీద మోకాళ్ళు కొట్టుకుపోయేలా పడి, పాప కిందికి రెండు చేతులూ చాపింది. చాపిన చోటు తిన్నగా ఉంది. కానీ ఈ చక్రంలో ఏదీ తిన్నగా పడదు కదా. ఆమె చేతులకు బెత్తెడు పక్కన పడింది పాప.

తొడ ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. నడుముదాకా కట్టు కట్టారు. అంత చిన్న ఒంటికి అంత పెద్ద కట్టు.

వెన్నపూస సారు ఆసుపత్రికి బొమ్మ పట్టుకుని వచ్చాడు. పాప తలమీద చెయ్యి వేశాడు. "మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయమ్మా. కానీ తండ్రి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "ఒళ్ళు దగ్గర పెట్టుకోవడానికే కదయ్యా ఆ గది! అందులో రంగుడబ్బాలు పెట్టింది ఎవరు? నీ మెత్తటి మాటలకు నిప్పెట్ట, ఆ డబ్బాలు తీయించు!" అని ఆసుపత్రంతా వినపడేలా అరిచాను. ఆయన తల పంకించి, తప్పకుండా ఆలోచిస్తానన్నాడు.

ఆలోచించాడు. గది తెరవలేదు. లిఫ్టు పక్కన గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాడు: ఇరుసులో పనిచేసేవారు పిల్లల్ని ఎత్తుకోరాదు. నా గదిలో ఉన్న రంగుతోనే రాయించాడు.

తమ్ముడు దాన్ని రోజూ చూసుకుంటూ దిగేవాడు. ఇంటికెళ్తే మరదలు అరిచినా బాగుండేది. వాడు లోపలికి రాగానే పాపను ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకునేది, అంతే. వాడు మంచం చివర చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. పాప మాత్రం వాడి గొంతు వినగానే తల తిప్పి వెతుక్కునేది. దానికేం తెలుసు?

ఒకరోజు వాడే నా ఇంటికొచ్చాడు. "అక్కా, గ్లాసివ్వవే" అన్నాడు. నేనేమీ దెప్పలేదు.

వంటశాల నుంచి గ్లాసులు తెచ్చుకున్నాను. రోజూ లిఫ్టు దిగి మొదట నా దగ్గరికి వచ్చేవాడు. గంట అనుకుంటే రెండు గంటలు కూర్చునేవాడు. గ్లాసుల తరవాత ఉప్పు బస్తా నుంచి పాపంత బరువు తూచి, తువ్వాలులో మూటకట్టి ఇచ్చాను. ఆ మూటను ఎత్తుకుని తిప్పేవాడు, జోకొట్టేవాడు, నా మంచంమీద పడుకోబెట్టేవాడు. నేను చెవిలో పోరుతూనే ఉండేదాన్ని. "తగిలిందా? బరువు దిగిందా? అప్పుడే తెరవకు. పక్కింట్లో నిప్పంటుకున్నా తెరవకు. మంచం తగిలేదాకా తెరవకు."

నేర్చుకున్నాడు. నా చేతికింద అంత బాగా నేర్చుకున్నవాడు ఇంకొకడు లేడు. చెంచా పెట్టినా బల్ల తగిలేదాకా ఆగి పెట్టేవాడు. ఫోర్మను నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు కూడా. "ఏం చేశావు గ్లాసక్కా వాణ్ణి? ఇరుసులో కూడా పానా వదలడం లేదు. చేతికి తాడేసి కట్టుకుంటున్నాడు. పని నత్తనడక నడుస్తోంది" అన్నాడు. నడవనీ అన్నాను. లోలోపల గర్వపడ్డాను.

ఆ ధైర్యంతోనే మరదలి దగ్గరికి వెళ్ళాను. పాప కట్టు విప్పారు అప్పటికి. కాలు కాస్త వంకరగా అతికింది. కింద పెద్దాసుపత్రిలో చూపించాలని, వచ్చే ఓడలో తల్లీబిడ్డలు దిగిపోవాలని డాక్టరమ్మ చెప్పేసింది. తమ్ముడి ఒప్పందం ఇంకా చాలాకాలం ఉంది, వాణ్ణి వదలరు. వాడి ఆశంతా ఒక్కటే, వాళ్ళు వెళ్ళేలోపల పాపను ఒక్కసారి ఎత్తుకోవాలని.

"ఒక్కసారి ఇవ్వమ్మా వాడికి. నేను కింద చేతులు పెట్టుకుని కూర్చుంటాను. నాకు తెలుసు ఎక్కడ పెట్టాలో" అన్నాను.

ఆమె కుట్టుమిషను ఆపింది. "కోపం లేదొదినా ఆయనమీద. దేవుడిమీద ఒట్టు. కానీ ఆయన చేతులు చూస్తే నాకు ఒళ్ళంతా వణుకొస్తోంది. నేనేం చెయ్యను?" తన చేతులు చూసుకుంది. "నావి మాత్రం ఏం ఉద్ధరించాయి? బెత్తెడు. బెత్తెడు పక్కన పెట్టాను."

లేచి వచ్చేశాను. తమ్ముడికి చెప్తే తలూపి, మూట ఎత్తుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఓడ వచ్చింది. ఓడలు ఆగేది ఇరుసులోనే కాబట్టి సాగనంపడానికి అందరం లిఫ్టులో పైకి వెళ్ళాం. సగం దారిలో కాళ్ళు తేలికైపోయాయి, పైకి చేరేసరికి బరువనేదే లేదు. నేను గోడకున్న కడ్డీని గట్టిగా పట్టుకుని తేలుతున్నాను. పాపకు మాత్రం మహా సంబరంగా ఉంది. మరదలి భుజానికి కట్టిన పట్టీ చివర గాల్లో తేలుతూ, వంకర కాలూ మంచి కాలూ రెండూ ఆడిస్తూ నవ్వుతోంది. అక్కడ ఆ కాలికి తేడా తెలియడం లేదు.

తమ్ముడు కాస్త దూరంలో చేతులు వెనక పెట్టుకుని ఉన్నాడు. ఓడ తలుపు దగ్గర కాపలా మనిషి తొందరపెడుతున్నాడు. మరదలు పట్టీ విప్పింది. పాపను రెండు చేతులతో వాడి ముందుకు చాపింది.

"ఇక్కడైతే పడదు. ఎత్తుకోండి" అంది.

ఆమె మనసులో విషం లేదు, నాకు తెలుసు. జాలితోనే అంది. కానీ ఆ మాటకు నా తమ్ముడి మొహం ఎలా అయిపోయిందో చూసినదాన్ని నేను. ఇన్నాళ్ళూ వాడు నేర్చుకున్నదంతా ఎందుకూ పనికిరాని చోట ఇస్తోంది. అయినా తీసుకున్నాడు. ఎందుకు తీసుకోడు? ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి మెడ కింద, నేను నేర్పినట్టే. పాప వాడి చొక్కా బొత్తాం పట్టుకుని ఏదో చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని దాని తలమీద గడ్డం ఆనించాడు. వాడి కన్నీళ్ళు కూడా జారవు అక్కడ, కళ్ళమీదే ముద్దలా నిలబడ్డాయి.

కాపలా మనిషి గంట కొట్టాడు.

"ఇవ్వండి ఇక" అంది మరదలు, చేతులు చాపి.

వాడు పాపను ముందుకు చాపాడు. ఆమె పట్టుకుంది. వాడు వదలలేదు.

"ఇవ్వండి."

"ఇస్తున్నా" అన్నాడు. వదలలేదు.

ఆమె లాగింది. పాప ఏడుపు అందుకుంది. "ఇదేంటండీ, టైమైపోయింది, ఏడిపించకండి దాన్ని!" కాపలా మనిషి వాడి భుజం పట్టుకున్నాడు. "గొడవ చెయ్యకన్నా, మర్యాదగా ఇచ్చెయ్" అన్నాడు. అందరూ వాడు మొండికేశాడనే అనుకున్నారు. వాడు నావైపు చూశాడు. ఆ చూపులో మొండితనం లేదు. భయం ఉంది.

"అక్కా, తగలడం లేదే" అన్నాడు. "ఏమీ తగలడం లేదు. బరువు దిగడం లేదు. వేళ్ళు రావడం లేదక్కా."

ఎక్కడ దిగుతుంది బరువు? అక్కడ బరువెక్కడుంది? తగిలేదాకా తెరవకు అని రోజుల తరబడి ఆ చేతుల్లోకి ఎక్కించింది నేనే. ఏదీ దేనికీ తగలని చోట ఏం చెయ్యాలో నేను చెప్పలేదు.

కడ్డీ వదిలేసి వాడి దగ్గరికి తేలాను. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. వాడి వేళ్ళు దాని గౌనును పట్టుకుని ఇనపకొక్కేల్లా బిగుసుకుపోయాయి. "వదలరా నాయనా" అన్నాను. "పడదు. నేను చెప్తున్నాను కదా, వదులు." బతుకంతా వదలకు వదలకు అని అరిచిన నోటితోనే అన్నాను. చిటికెన వేలు ముందు విప్పాను, తరవాత దాని పక్కది. ఒక్కో వేలూ విప్పాను. చివరి వేలు వచ్చేసరికి మరదలు పాపను గుండెకు అదుముకుని, వెనక్కి తిరిగి చూడకుండా తలుపులోకి వెళ్ళిపోయింది. పాప ఏడుపు తలుపు మూసేదాకా వినిపించింది.

వాడు కదల్లేదు. వాడి చేతులు అలాగే ముందుకు వంగి ఉన్నాయి, వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. నడుం కింద ఒకటి, మెడ కింద ఒకటి. నేనే వాణ్ణి పట్టుకుని లిఫ్టులోకి లాక్కొచ్చి, బల్లమీద కూర్చోబెట్టి పట్టీ కట్టాను.

లిఫ్టు అంచువైపు దిగుతోంది. కొంచెం కొంచెంగా బరువు వస్తోంది, నా మోకాళ్ళలో నొప్పి మొదలైంది. వాడి చేతులు మెల్లగా బరువెక్కి కిందికి వాలాయి. వాలి వాలి వాడి మోకాళ్ళకు తగిలాయి. అప్పుడు తెరుచుకున్నాయి వేళ్ళు.